సింహం తిన్న మేకకు పంచనామా

అంబోసెలి అని ఫోన్లో వెతికితే వచ్చేది ఒకటే బొమ్మ. వెనక మంచు కప్పుకున్న కిలిమంజారో, ముందు దుమ్ము రేపుకుంటూ ఏనుగుల గుంపు. నేను 2023 జులైలో కెన్యాలోని ఆ చోటికి పోయింది మాత్రం చచ్చిన మేకల్ని, గొర్రెల్ని చూడ్డానికి. ఏ జంతువు చంపింది, ఎట్లా చంపింది, దొడ్డి కంప సరిగ్గా ఉందా లేదా అని చూసి కాగితం రాసే మనుషులు అక్కడ ఉన్నారు. వాళ్ల వెంట తిరగాలి. ఆ కాగితం వల్ల సింహాలకు, అక్కడ పశువులు మేపుకుని బతికే మాసాయిలకు ఏమి ఒరుగుతోందో రాయాలి. అదీ నా ఎమ్మెస్సీ థీసిస్.

ఈ అంశం నాకు పుస్తకాల్లో దొరికింది కాదు. మాది కర్నూలు జిల్లా నందికొట్కూరు వైపు, ఇప్పుడు నంద్యాల జిల్లా. నాయన గొర్రెలు కాస్తాడు. మా పక్కనే రోళ్లపాడు అభయారణ్యం. బట్టమేక పిట్ట కోసం 1988లో ప్రకటించారు, 614 హెక్టార్లు. కొంత మేర కంచె వేసి గొర్రెలు రాకూడదన్నారు. నాకు బుద్ధి తెలిశాక ఆ పిట్టను ఒక్కసారి కూడా చూడలేదు. కృష్ణజింకలు మాత్రం పెరిగి రాత్రిపూట శనగ చేలమీద పడుతుంటాయి. ఇక తోడేలు గొర్రెను ఎత్తుకుపోతే నాయన ఎవరికీ చెప్పడు. చెప్తే ఏమొస్తాదంటాడు. అందుకే, పశువు పోయిందని చెప్తే మనిషి వచ్చి చూసి డబ్బు ఇచ్చే ఏర్పాటు ఒకటి ఇరవై ఏళ్లుగా నడుస్తోందని చదివినప్పుడు, అది నిజంగా ఎట్లా నడుస్తుందో కళ్లారా చూడాలనిపించింది.

నేను బయల్దేరడానికి రెండు నెలల ముందు, మే నెలలో, అక్కడ వారం తిరక్కుండా పది దాకా సింహాలను చంపేశారు. కెన్యాలోకెల్లా ముసలి సింహాల్లో ఒకటైన లూన్‌కిటో, పంతొమ్మిదేళ్లది, ఆకలితో ఒక దొడ్డిలో దూరితే ఈటెలతో పొడిచారు. ఆ వారంలోనే అంబోసెలి పక్కనున్న ఇంబిరికానిలో పదకొండు మేకల్ని, ఒక కుక్కని చంపాయని ఒకే రోజు ఆరు సింహాలను చంపారు. వరసగా ఐదు వానకాలాలు తప్పిన కరువు చివరి ఘట్టం అది. జీబ్రాలు, వైల్డెబీస్టులు చచ్చిపోయాయి. సగం మంద పోగొట్టుకున్న మనిషి దగ్గర మిగిలిన పది మేకల్లో ఐదు సింహానికి పోతే వాడు ఏమి చేస్తాడు? మా గైడు మాత్రం మెయిల్లో ‘నీ థీసిస్‌కి మంచి సమయం’ అని రాశాడు. ఆ మాట నాకు రుచించలేదు.

చోటు గురించి కొంచెం చెప్పాలి. అంబోసెలి 1974లో నేషనల్ పార్కు అయింది, 1991లో యునెస్కో దాన్ని బయోస్ఫియర్ రిజర్వుగా గుర్తించింది. నడుమ గట్టి కాపలా ఉండే భాగం, దాని చుట్టూ మెత్తటి ఆంక్షల భాగం, ఆ బయట మనుషులు బతుకుతూ వాడుకునే భాగం అని బయోస్ఫియర్ రిజర్వుల పద్ధతి. మన శేషాచలం కూడా 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వే, యునెస్కో జాబితాలో మాత్రం లేదు. తిరుమల మెట్లెక్కే వాళ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసో నాకు అనుమానమే. అంబోసెలిలో నడిమి పార్కు 392 చదరపు కిలోమీటర్లే. వానలు పడగానే జంతువుల్లో చాలా భాగం దాన్ని వదిలి చుట్టూ ఉన్న మాసాయిల ఉమ్మడి మేత భూముల్లోకి పోతాయి. ఎండలు ముదిరాక తిరిగి వస్తాయి. కిలిమంజారో మీద పడ్డ నీరు భూమి లోపల నుంచి వచ్చి పార్కులో ఊటలై, చిత్తడి నేలలై నిలుస్తుంది కాబట్టి. పార్కు కాకముందు మాసాయిల ఆవులు కూడా ఎండాకాలం ఆ చిత్తడి మీదే బతికేవి. ‘మా నీళ్లు తీసుకుని పార్కు చేశారు, ఆ పార్కు జంతువులు మా గడ్డి తింటున్నాయి’ అన్న మాట ముసలివాళ్ల నోట ఇప్పటికీ వింటాం.

అనుమతుల గురించి ఎక్కువ రాయను. కెన్యాలో పరిశోధనకు నాకోస్టి అనే జాతీయ సంస్థ లైసెన్సు కావాలి, ఆన్‌లైన్లో దరఖాస్తు. అది చేతికొచ్చాక అసలు అనుమతి మొదలవుతుంది. ఊరి చీఫ్, ఉమ్మడి భూమి కమిటీ పెద్దలు, ఆ తర్వాత ప్రతి ఇంటి యజమాని. నైరోబీ నుంచి మొంబాసా రోడ్డు మీద ఎమాలి దాకా, అక్కడ దక్షిణానికి తిరిగి కిమానా దాకా మటాటూ అనే షేర్ వ్యాన్లలో ప్రయాణం. మన ఏడు సీటర్ల ఆటోలో పద్నాలుగు మంది ఎక్కడం అలవాటైన వాళ్లకు అదేమీ కొత్త కాదు.

నాకు దుబాసీగా కుదిరిన కుర్రాడు ఒకప్పటి మొరాన్, అంటే యువ యోధుల తరానికి చెందినవాడు. వాళ్ల పెద్దన్నల కాలంలో మొదటి ఈటె దెబ్బ వేసి సింహాన్ని చంపినవాడికి కొత్త పేరు పెట్టేవారట. 2007లో మొదలైన లయన్ గార్డియన్స్ అనే సంస్థ అట్లాంటి యువకులకే జీతమిచ్చి సింహాల జాడ తీయించే పని పెట్టింది. ఇప్పుడు వాళ్లే సింహాలకు పేర్లు పెడతారు. ఏ సింహం ఎటు పోతోందో ముందే కాపరులకు కబురు చేస్తారు, తప్పిపోయిన పశువుల్ని వెతికి తెస్తారు, తెగిన కంప సరిచేస్తారు. మా దుబాసీకి తమ్ముడి వరస అయ్యేవాడు ఒకడు ఆ పనిలో ఉన్నాడు. ఉద్యోగంలో చేరాకే రాయడం నేర్చుకున్నాడట.

మొదటి రోజుల్లో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది పలకరింపు. పిల్లలు ఎదురొచ్చి తల వంచి నిలబడేవాళ్లు. పెద్దవాళ్లు ఆ తలమీద అరచెయ్యి ఆనించాలి, అది వాళ్ల దండం. ఇరవై ఆరేళ్లకే నేను పెద్దదాన్నయిపోయాను. నాలుగు రోజుల తర్వాత అదే అలవాటై, నైరోబీ వెనక్కి వచ్చాక కూడా చిన్నపిల్లలు కనబడితే చెయ్యి లేచేది.

ఇక అసలు పని. ప్రిడేటర్ కాంపెన్సేషన్ ఫండ్ అనేది 2003లో ఇంబిరికానిలో మొదలైంది. ఇప్పుడు బిగ్ లైఫ్ ఫౌండేషన్ నడుపుతోంది. పశువు పోయిన మనిషి వెంటనే కబురు చెయ్యాలి, కళేబరాన్ని కదిలించకూడదు. పరిశీలకులు వచ్చి చూస్తారు. క్రూరమృగం చంపిందని తేలితే పశువు రకాన్ని బట్టి ముందే ఖాయం చేసిన ధరలో కొంత భాగం కట్టిస్తారు. దొడ్డి బలంగా ఉండి కూడా మృగం దూరిందంటే ఎక్కువ. కంప పల్చగా ఉన్నా, పశువు మేతలో తప్పిపోయి మృగానికి దొరికిపోయినా తక్కువ. పూర్తి ధర ఎప్పుడూ రాదు. ఇంకో షరతు అన్నిటికన్నా పదునైనది: ఆ ప్రాంతంలో ఎవరైనా సింహాన్ని చంపితే ఆ విడత డబ్బు అక్కడ అందరికీ ఆగిపోతుంది. ఒకడి కోపం వందమంది జేబు కొడుతుంది కాబట్టి ఆ వందమందే వాణ్ణి ఆపుతారని లెక్క. చాలా ఏళ్లు ఆపారు కూడా. 2023 మే చూశాక ఆ లెక్క ఎంతవరకు తూగుతుందో నేను ఒట్టేసి చెప్పలేను.

నాయనకు ఫోన్లో ఇదంతా చెప్పాను.

‘రకానికి ఒక రేటా? ఈతకొచ్చిన గొర్రెకూ, పళ్లూడిన దానికీ ఒకటే లెక్కనా?’

‘ఒకటే నాయనా.’

‘అట్లయితే ముసలిదాన్నే కంపకు ఆనించి కట్టేస్తారు గదమ్మా. నేనయితే కట్టేస్తా.’

మా ప్రొఫెసరు మూడు పేపర్లు చదివించి చెప్పిన సమస్యను నాయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. పరిశీలకులకు ఇది తెలియనిది కాదు. అందుకే వాళ్ల చూపు కళేబరం మీద కంటే దొడ్డి మీద ఎక్కువ నిలుస్తుంది.

ఒక తెల్లవారి జరిగింది చెప్తాను. ఛ్యూలూ కొండలు కనబడే వైపు ఒక ఎన్‌కాంగ్ నుంచి ఫోనొచ్చింది. ఎన్‌కాంగ్ అంటే నాలుగైదు కుటుంబాల పేడ అలికిన గుడిసెలు, నడుమ పశువుల దొడ్డి, చుట్టూ తుమ్మకంప. మేం మోటార్‌సైకిళ్ల మీద పోయేసరికి ఎండ పొడుచుకొస్తోంది. మూడు మేకలు చచ్చి ఉన్నాయి, ఒకటి కనబడటం లేదు. పరిశీలకుడు మొదట మేకల జోలికి పోలేదు. దొడ్డి చుట్టూ నిదానంగా తిరిగాడు. కంప ఒకచోట ఎండి కుంగి, మోకాలెత్తు సందు పడి ఉంది. దాని ముళ్లకు ముతక వెంట్రుకలు చిక్కుకుని ఉన్నాయి. నేల మీద అడుగులకు గోళ్ల గుర్తులున్నాయి. సింహం, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి. హైనాకు, నక్కకు, కుక్కకు ముడుచుకోవు. కాబట్టి హైనా.

తర్వాత మేకలు. సింహమైతే ఎక్కువగా గొంతు పట్టి ఊపిరాడకుండా చేస్తుంది, పెద్ద పశువైతే మెడ విరుస్తుంది. చిరుతదీ గొంతు పట్టే, కానీ పళ్ల గాట్లు దగ్గర దగ్గరగా పడతాయి, దొరికింది చెట్టెక్కిస్తుంది. హైనాకు అంత ఓపిక లేదు. పొట్ట, వెనక కాళ్లు దొరికిన చోట చీలుస్తుంది, ఎముకలు కూడా నమిలేస్తుంది. ఇక్కడ రెండు మేకల పొట్టలు చీలి ఉన్నాయి. పరిశీలకుడు కత్తి తీసి గాయం పక్కన చర్మాన్ని కొంచెం ఒలిచాడు. లోపల నల్లగా రక్తం గడ్డకట్టి ఉంది. బతికున్నప్పుడు కరిస్తేనే చర్మం కింద అట్లా రక్తం దిగుతుంది.

మూడోది కంప బయట, కొంచెం దూరంగా పొద కింద ఉంది. దాన్నీ ఒలిచాడు. చర్మం కింద పాలిపోయి శుభ్రంగా ఉంది, రక్తం జాడే లేదు. ముక్కు రంధ్రాల దగ్గర చీమిడి ఎండి అట్టకట్టింది, తోక కింద అంతా పారుడు. మా మందలో పారుడు రోగం తగిలిన గొర్రె ఎట్లా ఉంటుందో నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. అది ముందు రోజే చచ్చి ఉంటుంది, పారేసిన దాన్ని హైనా తిన్నది. పరిశీలకుడు గట్టిగా ఏమీ అనలేదు. రెండే రాస్తున్నానన్నట్టు రెండు వేళ్లు చూపించాడు. కనబడకుండా పోయిన మేక సంగతి, కళేబరం దొరికితే చూద్దామన్నాడు. యజమాని నేల చూపులు చూశాడు గాని వాదించలేదు. వాదించింది ఆయన పెండ్లాం.

ఆమె మాటలు దుబాసీ నాకు తర్వాత చెప్పాడు. రోగంతో చచ్చినా, హైనా చంపినా నా పిల్లకు పాలు లేవు గదా, ఈ కాగితంలో పాల లెక్క ఎక్కడుంది అని అడిగిందట. మాసాయిల్లో పాలు పితికేది, పంచేది ఆడవాళ్లు. పరిహారం వచ్చేది మంద యజమాని పేరు మీద, అంటే మొగుడికి. తర్వాత నేను ఒంటరిగా కూర్చుని మాట్లాడిన ఆడవాళ్లలో చాలామంది ఇదే చెప్పారు, మాటలు వేరైనా. డబ్బు వచ్చిన రోజు ఇంటికి చక్కెర, మొక్కజొన్న పిండి వస్తాయి. కొత్త మేక వచ్చేది కొన్ని ఇళ్లకే. నా థీసిస్‌లో ఈ అధ్యాయం మొదట అనుకున్న ప్రణాళికలో లేదు. ఆ పెండ్లాం వల్ల వచ్చింది.

ఇది సంస్థ ఇచ్చే డబ్బు. ప్రభుత్వ పరిహారం వేరే. కెన్యా 2013 వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి జంతువు మనిషిని చంపితే కుటుంబానికి యాభై లక్షల షిల్లింగులు రావాలి, పశువులకు, పంటకు కూడా పరిహారం ఉంది. చట్టం చదివితే మన దగ్గర కూడా ఇట్లా ఉంటే బాగుండనిపిస్తుంది. ఏనుగు తొక్కి అన్న చనిపోయిన ఒకాయన తన ఫైలు జెరాక్సులు ప్లాస్టిక్ సంచీలో నుంచి తీసి చూపించాక ఆ ఆశ కొంత చల్లారింది. కాగితాలు మడతల దగ్గర చిరిగిపోయి ఉన్నాయి, డబ్బు ఇంకా రాలేదు.

దొడ్డికి తుమ్మకంప బదులు ఇనుప వల, గట్టి గుంజలు వేసిన ఇళ్లను కూడా చూశాను. రాత్రి దాడులు అక్కడ బాగా తగ్గాయని ఆ ఇంటివాళ్లే చెప్పారు. ఖర్చులో కొంత దాతలది, కొంత ఇంటివాళ్లది. నా అభిప్రాయం అడిగితే చచ్చిన మేకకు కట్టే రూపాయి కంటే ఈ వలకు పెట్టే రూపాయి మేలు. కానీ సింహాన్ని భరించేవాళ్లకు ఏమీ ఇవ్వకుండా వల ఒక్కటే ఇచ్చి చేతులు దులుపుకుంటే, ‘మీ సింహాన్ని మీరే కట్టేసుకోండి’ అంటారు. అది కూడా విన్నాను.

రెండో నెలకొచ్చేసరికి నాకు మేకల కంటే గడ్డి ముఖ్యమని అర్థమైంది. నా థీసిస్ పేరు మారింది అప్పుడే. సవానాలో, అంటే ఈ గడ్డి బయళ్లలో, వాన అంతటా ఒకేలా పడదు. ఈ గుట్ట పక్క తడిస్తే ఆ గుట్ట పక్క ఎండుతుంది. అందుకే జీబ్రా తిరుగుతుంది, ఆవూ తిరుగుతుంది. మాసాయి ఇళ్ల దగ్గర ఒలొపొలోలి అని దూడలకు, బలహీనమైన పశువులకు ఎండాకాలం కోసం దాచిపెట్టిన గడ్డి ఉంటుంది. మిగతాదంతా తిరిగి మేసేదే. 1968 చట్టంతో వచ్చిన గ్రూప్ రాంచ్‌లు, అంటే సభ్యులందరి పేరు మీద ఉమ్మడి పట్టా ఉన్న భూములు, ఈ తిరుగుడును ఇన్నాళ్లు కాపాడాయి. ఇప్పుడు ఒక్కొక్కటీ ముక్కలవుతోంది. యువకులు పట్టా కావాలంటారు. పట్టా ఉంటే బ్యాంకు అప్పిస్తుంది, ఇల్లు కట్టుకోవచ్చు, కమిటీ పెద్దల పెత్తనం ఉండదు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. ఉమ్మడి భూమిలో ఎవరి వాటా ఎవరు తింటున్నారో మనకూ తెలుసు.

విడగొట్టాక ఏమవుతుందో చూడాలని కిమానా పోయాను. అక్కడ భూమి ముందే పంచారు, మనిషికి 60 ఎకరాల చొప్పున. నీళ్లున్న వైపు టమాట, ఉల్లి. చాలామంది అమ్ముకున్నారు, కొన్నవాళ్లు కంచె వేశారు. కొన్నేళ్ల కింద ఏనుగుల దారిలో 180 ఎకరాలకు కరెంటు కంచె వేసి అవొకాడో తోట మొదలుపెడితే, గొడవలై, పర్యావరణ అధికార సంస్థ అనుమతి రద్దు చేసింది. 1996లో అక్కడి మాసాయిలే తెరిచిన కిమానా శాంక్చురీ అంబోసెలి నుంచి ఛ్యూలూ కొండలు, సావో పార్కు వైపు పోయే ఏనుగులకు దారిగా మిగిలింది. దాని పక్కనున్న పట్టాదారుల్లో కొందరికి, కంచె వెయ్యకుండా, దున్నకుండా, అమ్మకుండా ఉంచితే ఎకరాకు ఏడాదికి ఇంత అని కౌలు కడుతున్నారు. పశువులు మాత్రం మేపుకోవచ్చు.

నాకు నచ్చింది ఈ కౌలు. మేక చావకముందే డబ్బు వస్తుంది, గడ్డి నిలిచినందుకు వస్తుంది. పంచనామా అక్కర్లేదు. దీంట్లో నాకు కనబడిన చిక్కు ఒకటే, అది మామూలు చిక్కు కాదు. దాతలు ఇచ్చే కౌలుకు ఎదురుగా బోరు వేసి టమాట పండించే వాడి ఆదాయం ఉంది. కోవిడ్ ఏడాది టూరిస్టులు ఆగిపోయినప్పుడు, కౌలు డబ్బు ఏమవుతుందోనని ఇక్కడ ఎంతమంది గుండెల్లో రాయి పడిందో వాళ్లే చెప్పారు.

అక్కడ ఒక పెద్దాయన దగ్గర మా ఊరి సంగతి వచ్చింది. మా వైపు కూడా ఇట్లాంటి గడ్డి బయళ్లు ఉండేవి, సర్కారు లెక్కల్లో వాటిని బంజరు అంటారు, గని, శకునాల దగ్గర వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది, ఆ వైపు గొర్రెల కాపరులు ఇంకో దిక్కుకు పోవాల్సి వచ్చిందని చెప్పాను. దుబాసీ తిప్పి చెప్పేలోపే ఆయనకు సోలార్ అన్న మాట అర్థమైంది.

‘ఎకరాకి ఎంతిచ్చారు?’

చాలా భాగం సర్కారు భూమే కాబట్టి గొర్రెల కాపరికి ఏమీ రాలేదన్నాను. ఆయన నమ్మలేదు. దుబాసీ సరిగ్గా చెప్పలేదనుకుని మళ్లీ అడిగించాడు. ఆ తర్వాత గోనెసంచిలో నుంచి తన పట్టా తీసి, దానిమీద తన పేరు ఎక్కడుందో వేలితో చూపించమన్నాడు. చూపించాను.

థీసిస్ అయిపోయాక సారాంశాన్ని మా భాషలోకి, అంటే మాసాయిల ‘మా’లోకి, తిప్పించి కమిటీకి చదివి వినిపించాలన్నది ముందే పెట్టుకున్న ఒప్పందం. మరుసటేడు పోయాను. ఆ ఏడు వానలు విరగబడ్డాయి, గడ్డి మోకాలెత్తు. కడుపు నిండిన పశువుల మధ్య కూర్చుని వింటున్న వాళ్లకు సింహం మీద పెద్ద కోపం లేదు. వలకు, కౌలుకు ఎక్కువ పెట్టమని రాశానన్నప్పుడు తలలూపారు. పరిహారంలో సగం ఇంటి ఆడమనిషి చేతికి ఇవ్వమని రాశానన్నప్పుడు మగవాళ్ల వైపు నవ్వులు, ఆడవాళ్లు కూర్చున్న వైపు ఒకేసారి మాటలు. అధ్యక్షుడు చెయ్యి ఎత్తి ఆపాల్సి వచ్చింది. ఆ సంగతి వచ్చే సమావేశంలో చూద్దామని రాసుకున్నారు.

పట్టా పెద్దాయన తన 60 ఎకరాల్లో 40 కౌలుకిచ్చాడని దుబాసీ చెప్పాడు. మిగతా ఇరవైలో చిన్న కొడుకు బోరు వేస్తానంటున్నాడు, పెద్దవాడు ఆవులకు వదలమంటున్నాడు. ఇద్దరూ ఇంకా తేల్చుకోలేదు.